అమ్మ పాటకు హక్కుదారు

చంద్రబండలో పీర్ల పండుగకు పాట ఎత్తుకునేది మా అమ్మే. ఆమె పాటలు రికార్డు చేసుకున్న ఆడియో కంపెనీవాడు చివర్లో ఒక కాగితం ముందు పెట్టాడు. "ఉపాధి పనిల రోజు ఏస్త గద, గిది గూడ హాజరే" అంటూ అమ్మ వేలిముద్ర వేసింది.

అమ్మ పోయాక, మా ఇంట్లో ఆమె నా బిడ్డను ఒళ్లో పెట్టుకుని పాడిన వీడియోను నెట్‌లో పెట్టాను. కంపెనీ తీయించేసింది. ఫోన్ చేసి మండిపడ్డాను.

"మా ఇంట్ల మా అమ్మ పాడితే మీదెట్లయితది?"

"పాటల హక్కులన్నీ మాకు రాసిచ్చింది గదక్కా" అన్నాడు.

వాడి నోట్లో మన్ను పడ! అయినా ఆ తిట్లలో సగం నాకే చెందాలి. రాయచూరులో డిగ్రీ చదివినదాన్ని, ఆ రోజు అమ్మ పక్కనే కూర్చున్నాను. కాగితం చదవలేదు. వేలికంటిన సిరా తుడుచుకోవడానికి గుడ్డ మాత్రం అందించాను.