కుదురుగా కూర్చున్న హారతి

మా అత్తగారు బుల్లెమ్మ చేత నీళ్లు పోయించుకోని పిల్లలు మా వీధిలో లేరు. పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, మాడుకు ఆముదం అద్ది, ఒళ్లంతా నలిచి నీళ్లు పోసిందంటే ఆ బిడ్డ మధ్యాహ్నం దాకా కళ్లు తెరవదు. అప్పుడప్పుడూ ఉగ్గుగిన్నెతో ఇంత ఆముదం పట్టడం కూడా ఆవిడ పనే. ఎంత గింజుకునే పిల్లకైనా ఒక్క చుక్క కింద పడకుండా గొంతు దింపేస్తుంది. నూనె అంటే ఒంటికి రాసేది, లేదా కడుపులోకి పట్టేది. ఆవిడకు తెలిసినవి ఆ రెండే. వాసన చూడ్డానికని నూనె కొని ఇంటికి తెచ్చినదాన్ని నేను.

మా హారతికి ఎనిమిదేళ్లు. కాలు ఒకచోట నిలవదు. అన్నం సగంలో లేచిపోతుంది, లెక్క సగంలో వదిలేస్తుంది. మనం మాట పూర్తి చేసేలోపు కిటికీలోంచి పిచ్చుకను చూస్తూ ఉంటుంది. స్కూలు వాళ్లు పిలిచి చెప్పాక రాజమండ్రిలో డాక్టరుగారికి చూపించాం. అది పొగరు కాదని, పిల్లకు దృష్టి నిలవడం కష్టమని, ఓపిగ్గా అలవాటు చేయాలని ఆయన అన్నారు. ఓపిక నాకెక్కడిది? ఫోన్లో ఎవరో చెప్పింది విని నీలగిరి తైలం తెప్పించాను. వేడినీళ్లలో రెండు చుక్కలు వేసి గదిలో పెడితే ఆ వాసనకు పిల్లలు కుదురుగా చదువుతారట. డాక్టరుగారిని అడిగాను.

"దీంతో గుణం కనిపిస్తుందని నేను చెప్పలేనమ్మా. నోట్లోకి మాత్రం వెళ్లకూడదు, జాగ్రత్త" అన్నారు. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

ఇల్లంతా ఘుమఘుమలాడింది. హారతి మాత్రం ఎప్పటిలాగే గెంతుతూ ఉంది. మా అత్తగారు నవ్వింది.

"వాసనకే చదువొస్తే పూలమ్మే బుల్లియ్య పిల్లలందరూ కలెక్టర్లయ్యేవారే దుర్గా!"

ఒక ఆదివారం పొద్దున డాబా మీద బట్టలారేసి కిందికి వచ్చాను. వరండాలో హారతి గోడకు ఆనుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చుని ఉంది. కదలడం లేదు. మా అత్తగారు నోటిమీద వేలు వేసుకుంది.

"ష్... పిలవకే. చూడు ఎంత కుదురుగా కూర్చుందో!"

ఒక్క క్షణం నా ప్రాణానికి హాయిగా అనిపించింది. ఆ తర్వాతే పుస్తకం తలకిందులుగా ఉండడం చూశాను. పిలిచాను. పిల్ల కళ్లు నావైపు తిరగలేదు. దగ్గరికి వెళ్తే నోట్లోంచి గుప్పున అదే వాసన. పక్కన ఉగ్గుగిన్నె.

"ఏం పట్టారండీ?" అని అరిచాను.

"నీ నూనేనే. తేనెలో కలిపి పట్టాను. కడుపులోకి వెళ్తేనే కదే గుణం..."

ఆవిడ పిల్ల గొంతులో వేలు పెట్టబోతే చెయ్యి లాగేశాను. అంబులెన్సు వాళ్లకు ఫోన్ చేస్తే వాంతి చేయించొద్దన్నారు, బండి రావడం ఆలస్యమవుతుంది, పక్కకు తిప్పి పట్టుకుని సీసాతో సహా ఆసుపత్రికి వెళ్లమన్నారు. ఇంటి ముందు పక్కింటి గణేష్‌బాబు కారు తుడుచుకుంటున్నాడు. అందులోనే రాజమండ్రి బయల్దేరాం.

నిడదవోలు దగ్గర రైలు గేటు వేసి ఉంది. గూడ్సు బండి నింపాదిగా పోతోంది, పెట్టె వెనక పెట్టె. అప్పుడు నా ఒళ్లో హారతి చెయ్యి కొట్టుకోవడం మొదలైంది. తర్వాత కాలు. కళ్లు పైకి తేలిపోయాయి. భయమంటే ఏమిటో నాకు అంతవరకూ తెలియదు. గణేష్‌బాబు దిగి గేటు దగ్గరికి పరిగెత్తాడు. దేవుడు గుర్తురాలేదు, ఆ బండి చివరి పెట్టె తప్ప నాకింకేమీ అక్కర్లేకపోయింది.

"నన్ను చంపెయ్యవే దుర్గా" అంటోంది మా అత్తగారు.

"నోరు ముయ్యండి అత్తయ్యగారూ! పిల్ల తల పట్టుకోండి!"

పట్టుకుంది. ఊళ్లో పసిబిడ్డలందరినీ నిలబెట్టిన ఆ చేతులతోనే.

రాజమండ్రి ఆసుపత్రిలో పిల్లను లోపలికి తీసుకెళ్లి తలుపు వేశారు. ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడేదాన్ని. సాయంత్రం నర్సమ్మ వచ్చి, "హారతి వాళ్లమ్మగారు ఎవరండీ? త్వరగా రండి" అంది. గోడ పట్టుకుని లేచాను.

"పిల్ల చేతికున్న సూది పీకేసుకుంటోందండీ. మంచం మీద ఒక్క నిమిషం ఉండట్లేదు. వచ్చి పట్టుకోండి."

అక్కడే కూలబడి ఏడ్చాను.

ఉగ్గుగిన్నె అటకెక్కింది. ఇప్పటికీ మా అత్తగారిని పిల్లలకు నీళ్లు పోయమని పిలుస్తారు. వెళ్తుంది, పోస్తుంది, నూనె మాత్రం తల్లినే రాయమంటుంది. డాక్టరుగారు చెప్పినట్టే, కొంచెం కొంచెంగా హారతికి పని మీద కూర్చోవడం అలవాటు చేస్తున్నాం.

నిన్న హారతి వరండాలో కూర్చుని పిచ్చుక బొమ్మ వేస్తోంది. తల ఎత్తలేదు, చాలాసేపు కదల్లేదు. లోపలినుంచి మా అత్తగారు పరుగున వచ్చి భుజం పట్టుకుని ఊపేసింది.

"అమ్మా హారతీ! లేవే తల్లీ, కాస్త కదలవే!"

"అబ్బా మామ్మా! రెక్క వంకరపోయింది!"

నేనూ ఆ పనికే గుమ్మం దాకా వచ్చాను.