నా పేరుతో మూసిన టికెట్లు

మధ్యలో నవ్వనంటేనే చెప్తాను. ఇది ఎవరో చెబితే విన్నది కాదు... నాకు జరిగింది. మా అమ్మ మీద ఒట్టు.

అనంతపురం అవతల ఒక యూనివర్సిటీలో, కంప్యూటర్ హెల్ప్ డెస్క్‌లో కాంట్రాక్టు మీద పని చేస్తాను. ఎవరి కంప్యూటరైనా, ప్రింటరైనా మొరాయిస్తే వాళ్ళు మా సాఫ్ట్‌వేర్‌లో ఫిర్యాదు పెడతారు. దాన్నే టికెట్ అంటాం. మేం పోయి బాగుచేసి, మా లాగిన్‌తో ఆ టికెట్ మూసేస్తాం. ఎవరు మూశారో పేరు పడుతుంది.

ఆ ఎండాకాలం... నేను పోకముందే టికెట్లు మూసుకుపోవడం మొదలైంది. అన్నీ నా పేరు మీదే.

అనుమానం బాషా అన్న మీదికే పోయింది. డెస్క్‌లో ఉండేది మేమిద్దరమే. కాంట్రాక్టు ఒక్కరికే పొడిగిస్తారని అప్పటికే గుసగుసలు. పని చేయకుండా మూసేస్తోందని నాకు చెడ్డపేరు తేవాలని చూస్తున్నాడేమో... పాస్‌వర్డ్ మార్చాను. అయినా ఆగలేదు.

ఫలితాలు వచ్చే రోజని మా ఇద్దరికీ రాత్రి డ్యూటీ పడింది. బయట గాలి, దుమ్ము. కిటికీ రెక్క టక్... టక్... అని కొట్టుకుంటోంది. అమ్మాయిల హాస్టల్ వార్డెన్ నుంచి టికెట్ వచ్చింది. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుందట.

నేను లేవలేదు. "అన్నా, నీ చేతులు బల్ల మీద పెట్టు," అన్నాను.

"ఏమైంది సునందా నీకు? నన్ను దొంగను చేస్తాండావా?" అన్నాడు. అయినా పెట్టాడు. నేనూ పెట్టాను.

చూస్తూ కూర్చున్నాం. ఫ్యాన్ తిరుగుతోంది. ఎంతసేపో తెలీదు... స్క్రీన్ మీద ఆ వరుస ఎరుపు పోయి పచ్చగా మారింది. మూసినవారు: సునంద.

బాషా అన్న నా చేతుల వైపు చూశాడు. నేను అతని చేతుల వైపు.

గదికి తాళం వేసి హాస్టల్‌కి పోయాం. వార్డెన్ తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసింది.

"ఇప్పుడే కదమ్మా చేసి పోయినావు. మళ్ళా యాలొచ్చినావు?"

"నేనేనా వచ్చింది? ముఖం చూసినారా?"

"దుమ్ముకి చున్నీ చుట్టుకోనుంటివి కదా. పలకరిస్తే పలకలేదు. నీళ్ళిస్తే తాగలేదు."

ప్రింటర్ చక్కగా పని చేస్తోంది.

తిరిగి వచ్చేటప్పుడు బాషా అన్న నాకు దూరంగా నడిచాడు. "నిజం చెప్పు. ఎవుర్ని పంపించినావు?" అన్నాడు.

"నువ్వెవుర్ని పంపించినావో చెప్పన్నా," అన్నాను.

మా గది ముందు ఇద్దరం ఆగిపోయాం. తాళం వేసినట్టే ఉంది. లోపల... కీబోర్డు చప్పుడు. టకటక... ఆగుతోంది... మళ్ళీ టకటక. కిటికీ రెక్క కాదు. నా కీబోర్డులో ఒక మీట వదులు, నొక్కితే కిర్రుమంటుంది. అదీ వినిపించింది.

"నువ్వే తీయి," అని బాషా అన్న తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నేను తీయలేదు.

చప్పుడు ఆగింది. కుర్చీ వెనక్కి జరిగింది. మెల్లగా... అడుగులు... తలుపు దాకా వచ్చి, అవతల పక్కన నిలబడ్డాయి.

ఎట్లా పరుగెత్తామో తెలీదు. తెల్లారేదాకా గేటు దగ్గర వాచ్‌మన్ పక్కనే కూర్చున్నాం. పొద్దున తలుపు తీస్తే లోపల ఎవరూ లేరు. కిటికీకి ఊచలు ఉన్నాయి. నా కుర్చీ మాత్రం తలుపు వైపు తిరిగి ఉంది. పోయేటప్పుడు దాన్ని ఎట్లా వదిలామో ఇద్దరికీ గుర్తు లేదు.

కాంట్రాక్టు నాకే పొడిగించారు. బాషా అన్న దూరంగా గోరంట్ల బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్నాడు. నేనే ఏదో నాటకమాడి తన పని పోగొట్టానని అతని అనుమానం. నేనూ అతన్ని అనుమానించడం మానలేదు. ఆ సాఫ్ట్‌వేర్ లోగుట్టు తెలిసినవాడు కదా.

పోయిన వారం నేను డెస్క్‌లో అన్నం తింటుంటే, లైబ్రరీ టికెట్ ఒకటి మూసుకుపోయింది. నా పేరే. లైబ్రరీకి పోయి అడగలేదు. బాషా అన్నకు ఫోన్ చేశాను. వెనకాల బస్సుల హారన్లు, జనం గోల.

"నేను గోరంట్లలోనే ఉండా సునందా," అన్నాడు. వెంటనే తనూ అడిగాడు.

"నువ్వు యాడుండావు?"

సీట్లోనే ఉన్నాను... కానీ ఆ మాట చెప్పేముందు ఒకసారి నా చేతుల వైపు చూసుకున్నాను.