మా మరిది పడవలో ఊగే పొయ్యి

మొన్న ఆదివారం నా మూలంగా విశాఖపట్నం సముద్రం కాస్త పుల్లబడింది. నవ్వకండి, టీ చల్లారేలోపు మొత్తం చెప్పేస్తాను.

మా మరిది సూరిబాబు పోర్టులో ఓడల్ని లాగే టగ్గుల మీద పనిచేసి రిటైరయ్యాడు. స్టీలు ప్లాంటు పనికొచ్చి తిరిగి వెళ్ళిపోతున్న ఒక విదేశీ ఇంజినీరు దగ్గర చిన్న తెరచాప పడవ కొన్నాడు. ఆటోనగర్ షెడ్ల గుమ్మాలు అరిగేలా తిరిగి బాగుచేయించాడు. ఇప్పుడు దాంట్లో పోర్ట్ బ్లెయిర్ దాకా వెళ్తాడట. వాడి పెళ్ళాం లక్ష్మి ఒక్కటే మాట అంది.

"అక్క సూసి బాగుందంటే ఎల్లు. లేదంటే ఆ సెక్కతో నాకు మంచాలు సేయించు."

అక్కంటే నేనే. మా వాళ్ళలో సంబంధం కుదరాలన్నా, అద్దె ఇల్లు ఖాయం చెయ్యాలన్నా ముందు నేను వెళ్ళి వంటిల్లు చూసి రావాలి. వన్ టౌన్‌లో సగం కాపురాలు నేను పాస్ చేసినవే.

ఫిషింగ్ హార్బర్‌లో పడవని చూడగానే నీరుగారిపోయాను. మా బీరువాని వెల్లకిలా పడుకోబెడితే ఇంతకన్నా పెద్దది. అడుగున సీసం దిమ్మ ఉంది, ఎంత ఒరిగినా మళ్ళీ లేస్తుందని వాడు చెబుతూనే ఉన్నాడు. నేను వింటేగా? లోపలికి దిగి నేరుగా పొయ్యి దగ్గరికి పోయాను. కిరసనాయిలు స్టవ్వు, రెండు పక్కలా చీలలకి వేలాడుతోంది. వేలు తగిలితే చాలు, ఉయ్యాలలా ఊగుతోంది.

ఇంత ఖర్చుపెట్టి పొయ్యి బిగించడం మర్చిపోయాడు, మగాళ్ళ పని ఇంతే అనుకున్నాను. వాడు పైన తెరచాప ఎత్తుతుంటే, మూలనున్న తాడు తీసి పొయ్యిని కదలకుండా కట్టేశాను. ఇంటినుంచి తెచ్చిన వంజరం పులుసు వెచ్చబెడదామని గిన్నె దాని మీద పెట్టాను.

డాల్ఫిన్ నోస్ కొండ దాటాక స్టవ్వు వెలిగించాను. గాలి పట్టింది. పడవ ఒరిగింది. ఒరగడమంటే అలాగిలాగ కాదు, కిటికీలో ఆకాశం పోయి సముద్రం వచ్చింది. గిన్నె ఎగిరింది. పులుసు ఇంకా గోరువెచ్చన కాబట్టి బతికాను. నెత్తిమీంచి పాదాల దాకా అభిషేకం. వంజరం ముక్కలు సొంతూరు గుర్తొచ్చినట్టు మెట్లెక్కి సముద్రంలోకి పోయాయి.

సూరిబాబు చుక్కాని కట్టేసి కిందికి దిగాడు.

"వదినా, ఈ తాడు ఎవులు కట్టినారు?"

"నానే. నీ పొయ్యి ఊగిపోతంది."

"అది ఊగాల వదినా. పడవ ఒరిగినా అది ఒరక్కుండా ఉండడానికే."

స్టవ్వు ఆర్పి, తాడు విప్పి, గ్లాసునిండా నీళ్ళు పోసి దాని మీద పెట్టాడు. పడవ మళ్ళీ ఒరిగింది. నేను గోడ మీద కూర్చున్నాను, అప్పటికి గోడే నేల మరి. గ్లాసులోంచి ఒక్క చుక్క తొణకలేదు.

పైకొచ్చి చూస్తే, సరుకు కోసం కాచుకున్న ఓడలు కొండల్లా ఉన్నాయి. మధ్యలో మా బీరువా. ఒక్కో కెరటం తాటిచెట్టంత, నా తాటిచెట్లు కాస్త పొడుగే అనుకోండి. ప్రతి కెరటానికీ పడవ ఒరుగుతోంది, ఎవరూ పట్టుకోకుండానే మెల్లగా లేచి కూర్చుంటోంది. ఆ పడవకి చెంపలేసుకున్నాను. అలాంటిది మా ఇంటావంటా లేదు.

తిరిగొచ్చేసరికి ఒడ్డున కాచుకున్న లక్ష్మి నా అవతారం చూసి గుండెలు బాదుకుంది.

"నాను సెప్పలే? అక్కని ఏటి సేసిందో సూడు. ఇంక మంచాలే."

సూరిబాబు మొహం వాడిపోయింది. అయినా తాడు సంగతి ఎత్తలేదు. తలొంచుకుని తెరచాప మడుస్తున్నాడు. నేను నోరు మూసుకుంటే నా పరువు దక్కుతుంది, వాడి ప్రయాణం పోతుంది. అంత సముద్రం చూసొచ్చాక పరువు మరీ చిన్నదిగా కనిపించింది.

"పడవ బంగారం లక్ష్మీ. పొయ్యి కట్టేసి పులుసు మీద పోసుకుంది నానే."

"నిజంగా అంత దూరం తట్టుకుంటదా అక్కా?"

జుట్టులోంచి కరివేపాకు తీసి పారేశాను.

"నన్నే తట్టుకుంది. తుపానొక లెక్కా?"