వలలో వచ్చినది

కార్పొరేషన్‌కు మూడు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. మొదటిసారి నన్ను నిలబెట్టే మాట్లాడిన గుమాస్తా మొహం ఇంకా గుర్తుంది. అందుకే ఇక చదువరులకే చెబుతున్నాను. ఇది రాస్తున్న బల్ల మీద మా మామ్మ నూకాలమ్మ చుట్టకుదురు ఉంది. వన్ టౌన్‌కు తల మీద చేపలగంప మోయడానికి చిరిగిన వలతో ఆవిడే చుట్టుకున్నది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ ఉప్పూ, ఎండు నెత్తళ్లూ కలిసిన వాసన.

విశాఖ ఒడ్డునే మా పేట. వేసవి పొద్దుటిపూట మగవాళ్లు పెద్దవల లాగుతుంటే పిల్లలం మేమూ తాడు పట్టేవాళ్లం. వల ఇసుక మీదికి రాగానే కవళ్లూ, నెత్తళ్లూ తళతళా ఎగిరిపడేవి, ఆడవాళ్లు గంపలతో వంగేవారు, చేపల నడుమ ఎప్పుడైనా ఓ కర్రముక్కో, ఓడవాళ్లు పారేసిన సీసానో దొరికేది. వలలో వచ్చింది తిరిగి నీళ్లలో వెయ్యకూడదని మా పేట కట్టుబాటు. ఒకసారి నాచు పట్టిన సీసాను విసిరేశాను.

"ఓరి గుంటడా, గంగమ్మ మొగాన ఎంగిలి ఇసురుతావేటి! ఎల్లి తే!" అని మామ్మ వీపు చరిచి, మొలలోతు నీళ్లలోకి పంపింది. ఆ సీసాను ఇసకతో తోమి ఆముదం పోసుకుంది. చిరిగిన వల చుట్టకుదురయ్యేది, అదీ చివికితే అంట్లు తోమే పీచయ్యేది.

మొన్న ఆదివారం అదే ఒడ్డున మా మేనత్త కొడుకు అప్పన్న వల లాగాడు. పాలకవర్లు, గుట్కా పొట్లాలు, ఉబ్బిన డైపర్లు, కుళ్లిన బిర్యానీ డబ్బాలు, వాటి జిగటలో చచ్చిన నాలుగు కవళ్లు. అతను కవళ్లు ఏరుకుని మిగిలిందంతా రెండు చేతులా అలల్లోకి విసిరాడు.

"ఏటి బావా, ఏటి సేత్తన్నావ్?"

"ఒడ్డునెడితే మేమే సెత్తేత్తన్నామని ఫొటోలు తీత్తన్నారు. ఇంటికి అట్టుకెల్లమంటావేటి? పోనీ, నీ అర్జీల్లో సుట్టీమంటావా?"

నేనడిగింది నాలుగు స్తంభాలు, పైన ఒక రేకు. వలలో వచ్చినదాన్ని పోయడానికి. మా ఆడవాళ్లు తెగిన నైలాను వలలతో తాళ్లు పేనుతున్నారు, కవర్లు కోసి చాపలు అల్లుతున్నారు. చోటులేక ఆ కంపునంతా గుమ్మాల్లో పోసుకుని కూర్చుంటున్నారు. నేనడిగిన చోట కార్పొరేషన్‌వాళ్లు తీరం శుభ్రంగా ఉంచాలని పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అది గాలికి చిరిగి సముద్రంలో పడింది. అదీ బావ వలలోనే వచ్చింది.

దాన్ని మాత్రం విసరనివ్వలేదు. నాలుగో అర్జీ దాని వెనకవైపే రాశాను. మామ్మ లేదు, ఆవిడ కట్టుబాటూ పోయింది. ఈసారైనా ఎవరో ఒకరు జవాబు చెప్పండి: వలలో వచ్చింది మా బావ ఎక్కడ పెట్టాలి?