బావి దగ్గర మలుపు

మా మేనత్త పోయింది. అర్ధవీడు నుంచి కబురు తెచ్చినతను "అత్త పోయింది" అన్నాడే గాని ఎవరి అత్తో చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. ఆ చుట్టుపక్కల అందరికీ ఆమె అత్తే.

నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. తిట్టకుండా ఎవరికీ అన్నం పెట్టి ఎరగదు. ఆ తిట్లు తిని పెరిగినవాణ్ణే నేనూ.

తెలుగువాళ్లకంటూ రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో మా వైపు రోడ్డు వేయాలని సర్వేవాళ్లు వచ్చి, ఆమె చేలో అడ్డంగా కొయ్య మేకులు కొట్టి పోయారు. ఒక్కమాట అడగలేదు. మర్నాడు వాళ్లు వచ్చేసరికి మేకుకొక మేక కట్టేసి ఉంది.

"ఏందమ్మా ఇది?"

"మేకులు మేకలకు గాక ఇంక దేనికి నాయనా? పాపం, నాకోసమే కొట్టిపోయినారనుకుంటి."

తమాషా అంతవరకే. ఆ మేకుల వరస సరిగ్గా ఆమె బావి మీదుగా పోతోంది. మామా ఆమే బండ పగలగొట్టి తవ్వుకున్న బావి అది. ఎండాకాలం ఊళ్లో గొడ్లన్నిటికీ అదే దిక్కు. అది పూడిస్తే ఆమె చేను బీడే.

విచారణకొచ్చిన ఆఫీసరు చట్టం చెప్పాడు. రోడ్డు పదిమందిది, దానికోసం సర్కారు ఎవరి భూమైనా తీసుకోవచ్చు, పరిహారం ఇస్తుంది అన్నాడు.

"బావి మాత్రం నా ఒక్కదాందా? దూడ గూడా నన్నడిగి తాగదు. మీరు అడగండి, ఇస్తా. పక్కనే పంట నూర్చుకునే కళ్లం ఉంది, దాని మీద పోనీండి. రోడ్డు వంగుతాది దొరా, ఊట వంగదు."

మా నాయన బెదిరిపోయి, "సర్కారుతో మనకేందక్కా?" అని ఆమె చెయ్యి లాగాడు.

"మన రాష్ట్రం వచ్చెనని ఎగిరితివి గదరా! మనదైతే మన మాట ఇనదా?"

ఆఫీసరు లేచి బావి దాకా నడిచాడు, నీళ్లు తోడించుకుని తాగాడు. "కళ్లం ఇస్తావామ్మా?" అని అడిగాడు. ఇచ్చింది. రోడ్డు వంగింది.

కళ్లం పోయిందని ఆమెకు బాధ లేదంటే అబద్ధం. ఏటా పంట ఇంకొకరి కళ్లంలో నూర్చుకునేది. కానీ సర్కారు గుంజుకుందని ఎవరైనా అంటే మాత్రం ఊరుకునేది కాదు. "అడిగినారు, ఇచ్చినా" అనేది. అంత ధీమాగా బతకవచ్చునని నాకు చూపించింది ఆమే.

పాడెను దారిలో ఒకచోట దించి, పోయినవాళ్లను చెవిలో పిలుస్తాం కదా. ఆ దింపుడు కళ్లం ఎక్కడని ఎవరూ అనుకోలేదు. ఒకప్పటి ఆమె కళ్లం మీదే, నడిరోడ్డున దించాం. "అత్తా" అని పిలిచాను. జీవితంలో మొదటిసారి నాకు తిట్టు తిరిగి రాలేదు. ఏడ్చాను.

ఎదురుగా వచ్చిన లారీ ఆగింది. డ్రైవరు దిగి, తలగుడ్డ తీసి నిలబడ్డాడు. మేం పాడె ఎత్తుకున్నాక నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు:

"ఇట్ల పోవచ్చునా అన్నా?"