తప్పు కాకిది

అచ్యుతరామయ్యగారి దృష్టిలో లోకంలో ఏ పనీ ఒక్కసారితో పూర్తి కాదు. ఎంత చక్కగా జరిగినా సరే, చెయ్యెత్తి, "బ్రహ్మాండం! ఇంకొక్కసారి," అనేవారు. సినిమాల్లో సహాయ దర్శకుడిగా చేరి, సహాయ దర్శకుడిగానే రిటైరైన ఆ పెద్దమనిషికి ఒకే టేకులో ముగిసినదేదైనా అనుమానాస్పదమే.

అటువంటి మనిషిని ఫిల్మ్ నగర్ వాలులోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు కోరి రప్పించుకున్నది ప్రధానోపాధ్యాయురాలు రమామణే. అక్కడ ప్రతి శనివారం ఒక గంట పిల్లలు పాఠాలు పక్కనబెట్టి కథలు చెప్పాలి, నాటికలు వేయాలి, గొంతెత్తి చదవాలి. ఆ గంట నడిపేవారికి జీతం ఉండదని ఆమె ముందే చెప్పింది.

"సినిమాలో అలవాటేనండి," అన్నారాయన.

మొదటి శనివారం ప్రార్థన ముగిసీ ముగియగానే చెయ్యి లేచింది. "బ్రహ్మాండం! మధ్యలో కాకి అరిచింది. ఇంకొక్కసారి."

"అది మళ్ళీ అరుస్తుంది కదండీ," అంది రమామణి.

"అరవదు మేడమ్. దాని డైలాగ్ అయిపోయింది."

మధ్యాహ్న భోజనం వండే మల్లమ్మకూ మినహాయింపు దొరకలేదు. "గరిటె చప్పుడయింది మల్లమ్మా. మళ్ళీ వడ్డించు."

"రెండుసార్లేస్తే పప్పు యాడికెల్లి తేవాలె సార్?"

"వేసినట్టు నటించు, చాలు."

"నటించెటోళ్ళు గా గుట్ట మీది పెద్ద పెద్ద గేట్లెనక ఉంటరు. నేను వంటదాన్ని!" అని కసురుకుంటూనే మల్లమ్మ నటించింది. మూడో టేకులో కొంగుతో కళ్ళు కూడా ఒత్తుకుంది. అది పూర్తిగా ఆమె సొంత కల్పన.

రమామణి ఏ మాటనూ రెండోసారి చెప్పే మనిషి కాదు. పిల్లలు మొదటిసారే వినాలి, పెద్దలు మొదటిసారే చెయ్యాలి. అయినా విచారించకుండా ఎవరి మీదా తీర్పు చెప్పకూడదన్న నియమం కూడా ఆమెకు ఉంది కనుక, శనివారాలు తరగతి వెనక కూర్చుని గమనించసాగింది.

అప్పుడు ఒక నాటిక సాధన జరుగుతోంది. నాలుగో తరగతి శ్రీనిధికి అందులో ఒకటే వాక్యం: "రాజుగారూ, మీ కిరీటం వంకరగా ఉంది." పదిమంది ఎదుట నోరు విప్పితే ఆ పిల్లకు గొంతు పూడుకుపోతుంది. "రాజుగారూ" అని ఆగిపోయేది. వెంటనే అచ్యుతరామయ్యగారు, "నా కళ్ళజోడు జారింది, ఇంకొక్కసారి," అనేవారు. తరువాత ఫ్యాను మోత ఎక్కువయ్యేది. ఆ తరువాత కిటికీలోంచి ఎండ వచ్చి ఆయన ముఖాన పడేది. బడి గంట కొట్టే వేళకు కూడా రాజుగారి కిరీటం వంకరగానే ఉండేది.

"ఒక్క వాక్యానికి ఇంతసేపా అండీ?"

"మంచి వాక్యం మేడమ్."

ఒకనాటి సాయంత్రం బడి దిగువన ఉన్న టీ బండి దగ్గర ఆయన ఆమెకు కనిపించారు. "బ్రహ్మాండం! కానీ మధ్యలో బస్సు వెళ్ళింది, రుచి తెలియలేదు. ఇంకొకటి."

"గిది మూడోది సార్," అన్నాడు బండి జంగయ్య. "నిద్ర పడ్తదా మీకు?"

"నిద్రకు తొందరేముందయ్యా!"

ఇంట్లో ఎవరూ ఎదురుచూడని మనిషి మాత్రమే అలా అనగలడని రమామణికి తెలుసు. శ్రీనగర్ కాలనీలోని ఆమె ఇంట్లో టీవీ సాయంత్రమంతా మోగుతూనే ఉండేది. ఆమె దాన్ని చూసేది కాదు. వంటింట్లో ఉన్నప్పుడు ముందు గదిలో మాటలు వినిపిస్తే చాలు.

కాబట్టి కారణం తేలిపోయిందనుకుంది: ఒంటరితనం. ఇంటికి పోలేక ఆయన కాలాన్ని సాగదీస్తున్నారు. జాలి కలిగింది కానీ, జాలి వేరు, టైంటేబుల్ వేరు.

ఇంతలో పిల్లల పఠనం పరీక్షించడానికి సోమవారం అధికారి వస్తున్నట్టు కబురు వచ్చింది. పిల్లలు వెనకబడితే శనివారం గంటను రద్దుచేసి లెక్కలకు కలిపేస్తారు.

"సోమవారం మీరు రాకపోవడం మంచిది," అంది రమామణి. "అధికారిని కూడా ఇంకొక్కసారి రమ్మంటారు మీరు."

ఆయన నవ్వలేదు. "అలాగేనండి," అని చేతిసంచీ తీసుకుని వెళ్ళిపోయారు. ఆ మాటను మళ్ళీ చెప్పమని అడగలేదు. అదే ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

సోమవారం వచ్చిన అధికారి జగదీశ్ నవ్వు ఖర్చు చేసే మనిషిలా లేడు. పుస్తకం తెరిచి, వరసలోంచి వేలితో శ్రీనిధినే చూపించాడు.

శ్రీనిధి లేచింది. మొదటి రెండు మాటలు చదివి ఆగిపోయింది. జగదీశ్ కలం మూత తీశాడు.

"సార్!" వెనక బెంచీలోంచి వేదాంత్ లేచాడు. "నేను బెంచి కదిలిచ్చిన సార్. గందుకే ఆగింది. తప్పు నాది. ఇంకొక్కసారి సార్."

బెంచీ కదలలేదు. శ్రీనిధి మళ్ళీ మొదలుపెట్టి, ఒక వాక్యం దాటి ఆగింది.

"నేను దగ్గిన సార్," అంది సాత్విక. ఎవరూ దగ్గలేదు.

"కాకి అరిచింది సార్," అన్నాడు మరొకడు.

"ఏదిరా కాకి?"

"ఎగిరిపోయింది సార్."

జగదీశ్ తరగతినంతా కలయజూశాడు. ఒక్క ముఖంలోనూ నవ్వు లేదు. అందరూ తలొక నేరం చేతబట్టుకుని తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు. కలానికి మూత పెట్టేశాడు.

"నా కుర్చీ కూడా కిర్రుమన్నదమ్మా," అన్నాడు మెల్లగా. "తప్పు నాది. నువ్వు జర మొదటికెల్లి చదువు."

శ్రీనిధి చదివింది. పేజీ చివరిదాకా చదివి, ఎవరూ ఆపకపోవడంతో, ఆశ్చర్యపోయి తరువాతి పేజీ కూడా చదివింది.

రమామణి వెనక గోడకు ఆనుకుని శనివారాలన్నిటినీ తిరిగి విచారించింది. కాకి, కళ్ళజోడు, ఫ్యాను, ఎండ. ఇన్నాళ్ళలో ఆయన తప్పు మోపనిది ఒక్క పిల్లల మీదే.

"ఎవరు నేర్పిన్రు మేడమ్ వీళ్ళకు గిది?" వెళ్ళబోతూ అడిగాడు జగదీశ్. "ఆ శనివారం గంట ఉండనీయండి."

బడి వదలగానే ఆమె డబ్బింగ్ థియేటర్ వెనక మేడమీద అచ్యుతరామయ్యగారు ఉండే గదికి వెళ్ళింది. ఆయన తలుపు తీసి, "రండి" అనడం కూడా మరచి, "చదివిందా?" అన్నారు.

గుమ్మంలో నిలబడే జరిగింది జరిగినట్టు చెప్పింది. చెప్పడం పూర్తయ్యేసరికి ఆయన గోడవైపు తిరిగి, శుభ్రంగా ఉన్న కళ్ళజోడును ఎంతకీ ఆపకుండా తుడుస్తూ ఉండిపోయారు.

"నా గొంతు బాగాలేదండీ. సరిగ్గా చెప్పినట్టు లేను," అంది. "ఇంకొక్కసారి చెబుతాను."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఉన్న ఒక్క కుర్చీనీ ఆమె వైపు లాగారు.

"నిజమే మేడమ్. కాకి దగ్గర మరీ తొందరపడ్డారు. కూర్చుని చెప్పండి."

రమామణి కూర్చుంది.