మొలతాడుకు కట్టిన తాళంచెవి

ఆ రోజుల్లో మా జహీరాబాద్ బజారులో సైకిల్‌కు తాళం వేయడమంటే దొంగకు కాసేపు పని కల్పించడమే. చిరాగ్‌పల్లి నుంచి తొక్కుకుంటూ వచ్చి బట్టల దుకాణంలో పనిచేసేవాణ్ని. నా మొదటి సైకిల్ దుకాణం ముందే పోయింది. రెండోది చాయ్ తాగి వచ్చేలోగా పోయింది (ఆ చాయ్ కూడా బాగాలేదు). మూడోది నాది కాదు, ఇంటర్ చదివే మా చెల్లెది. గులాబీ రంగు, ముందు బుట్ట. పొద్దున ఆమెను వెనక కూర్చోబెట్టుకుని కాలేజీ దగ్గర దింపి, అదే సైకిల్ మీద దుకాణానికి పోయేవాణ్ని. అమ్మ ముందే హెచ్చరించింది: "గిది గూడ పోయిందనుకో, పోరి సదువు బంద్. గంత దూరం నడుస్తదా?"

అందుకే లావుపాటి గొలుసు కొని, సైకిల్‌ను కరెంటు స్తంభానికి కట్టేసి, తాళంచెవిని నా మొలతాడుకు ముడేసుకున్నాను. ఒంటి మీద నుంచి ఎవడు ఎత్తుకుపోతాడు? (తాళం తీయాలంటే నడిబజారులో చొక్కా ఎత్తి, స్తంభాన్ని కౌగిలించుకుని వంగాలి. అది వేరే సంగతి.) ఓ శనివారం సాయంత్రం పెద్దవాన. సైకిల్‌ను అక్కడే వదిలి షేర్ ఆటోలో ఇంటికొచ్చాను. అమ్మతో మాత్రం దుకాణంలో పెట్టానన్నాను. ఆదివారం తలస్నానమప్పుడు అమ్మ కొత్త మొలతాడు ఇచ్చి, "పాతది తెంపి పారెయ్‌రా" అంది. తెంపాను. పారే మోరీలో వేశాను. తాళంచెవితో సహా!

సోమవారం పొద్దున్నే ఇనుము కోసే రంపం అడిగి తెచ్చుకుని స్తంభం దగ్గర కూర్చున్నాను. నాలుగు సార్లు గీశానో లేదో, చాయ్ హోటలాయన వెనక నుంచి కాలర్ పట్టాడు.

"ఆడివిల్ల సైకిల్ కోస్తున్నవా? సిగ్గులేదా?"

"మా చెల్లెది, కాకా!"

"దొరికినంక అందరికీ చెల్లెండ్లే ఉంటరు. చెవి ఏది మరి?"

"మొలతాడుకుండె..."

పండ్ల బండి అవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. "ఠాణాకు తీస్కపోన్రి, గాడ జెప్తడు మొలతాడు ముచ్చట!"

ఠాణా అనగానే నాకు అమ్మ మాటే గుర్తొచ్చింది. ఈ సంగతి ఇంటికి చేరితే చెల్లె చదువు అక్కడితో సరి. అప్పుడే, సైకిల్ తీసుకుని కాలేజీకి పోదామని షేర్ ఆటోలోంచి చెల్లె దిగింది. నన్ను చూసింది, రంపాన్ని చూసింది. "మా అన్ననే కాకా. ఈయనకు గూడ ఒక తాళమెయ్యిన్రి, లేకుంటే ఈయన గూడ పోతడు."

కాలర్ పట్టుకున్న చెయ్యే రంపం అందుకుని గొలుసు కోసింది. చెల్లె సైకిలెక్కి కాలేజీకి పోయింది.

సాయంత్రం అమ్మ "గొలుసేదిరా?" అంది. నేను నోరు తెరిచేలోగా చెల్లె అందుకుంది: "దొంగోడు కోస్తుండెనమ్మా. అన్న ఉరికి పట్టుకున్నడు." అమ్మ మురిసిపోయి నాకు ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసింది. ఆ అబద్ధం చెల్లెది. దానికి ఏటేటా మీసాలు, కత్తి తగిలించింది మాత్రం నేనే.

మొన్న చెల్లె వాళ్లింటికి వెళ్తే మేనకోడలు, "మామా, మా బడిలకొచ్చి దొంగ కథ చెప్పవా?" అని అడిగింది. పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. అది పడీపడీ నవ్వింది.

"అంటే దొంగవు నువ్వేనా? మరి ధైర్యం ఎవలది మామా?"

"మీ అమ్మది, బిడ్డా."

లోపల్నుంచి చెల్లె కసిరింది. "గిప్పుడెందుకు చెప్పినవే అన్నా? కథ మంచిగుండె గద!"

బయలుదేరదామని లేచి, బండి తాళంచెవి కోసం జేబులన్నీ తడుముకున్నాను. చెల్లె తన కొంగు ముడి విప్పి, నేను బండికే వదిలేసిన చెవిని నా చేతిలో పెట్టింది.